రాళ్లదొక మాట, నాయనదొక మాట

జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. చాలా పొడుగ్గా ఉంది కాబట్టి కుదించి ఇస్తున్నాను. ఊరి పేరు, మనుషుల ఆనవాళ్లు తీసేశాను.

రాసినమ్మాయికి ఇరవై మూడేళ్లు. కడపలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ జియాలజీ చదువుతోంది. తండ్రి పాస్టర్. ఏ పెద్ద మిషన్‌కూ చెందని సొంత సంఘం, నలభై కుటుంబాల దాకా ఉంటాయి. ఎక్కువమంది నాపరాయి గనులకో, పాలిష్ ఫ్యాక్టరీలకో పోయేవాళ్లు. ఈ అమ్మాయి పదో తరగతి నుంచీ సండే స్కూల్ చెబుతోంది. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ బడి, అదే వీబీఎస్, మొత్తం ఆమె చేతి మీదే నడుస్తుంది.

మొన్నటి వీబీఎస్‌లో ఒక పిల్లాడు లేచి, "అక్కా, డైనోసార్లు కూడా నోవహు ఓడలో ఎక్కినాయా?" అని అడిగాడు. "లేదు నాన్నా, మనుషులు పుట్టకముందే, ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటే అవి చచ్చిపోయాయి" అందీమె. పిల్లాడు ఇంటికెళ్లి చెప్పాడు. వాళ్ల తాత సంఘ పెద్ద. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు పాస్టర్ గారిని కూర్చోబెట్టి, "సృష్టికి ఆరువేల ఏండ్లని మీరే వాక్యం చెప్తిరి. మీ పాప కోట్లంటాంది. మేం ఎవరి మాట పట్టుకోవాల?" అన్నారు. సంఘం ముందు నిలబడి క్షమాపణ అడగాలి, లేదంటే సండే స్కూల్ మానుకోవాలి అని తేల్చారు. తండ్రి ఇంటికొచ్చి ఒక్క మాట తిట్టలేదు. అన్నం తినకుండా పడుకున్నాడు. అప్పటి నుంచి కూతురితో అవసరమైనంత వరకే మాట్లాడుతున్నాడు. మాట్లాడకపోయినా, కార్బన్‌ను బట్టి పాత వస్తువుల వయసు కట్టే కార్బన్ డేటింగ్ అంతా మోసం అని చెప్పే వీడియోలు మాత్రం వాట్సాప్‌లో పంపుతున్నాడట.

"వేంపల్లె ఫీల్డ్ వర్క్‌కి పోయినప్పుడు ఆ రాతి మీద చెయ్యి పెడితే, దేవా, ఎంత పని చేశావు అనిపించింది. అదే రాత్రి హాస్టల్లో మోకరిస్తే, అసలు వింటున్నావా అనిపించింది" అని రాసింది. క్లాసులో స్నేహితులు 'పాస్టరమ్మ' అని ఏడిపిస్తారట. ఈ మధ్య కర్నూలు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి తల్లి ఫోన్ చేసి "అమ్మాయి విశ్వాసంలో గట్టిగా ఉందా?" అని అడిగితే, అమ్మ "ఉంది" అని చెప్పేసింది. చివర్లో ఇలా అడిగింది: "దేవుణ్ణి నమ్మాలా, రాళ్లను నమ్మాలా? రెండూ నమ్మితే నేను రెండు నాలుకల మనిషినా? నాయనకు ఏమని చెప్పాలి?"

అమ్మా,

నువ్వు ఒక్క గొడవ గురించే రాశాననుకుంటున్నావు. నాకు రెండు కనిపిస్తున్నాయి. ఒకటి నీకూ, బైబిల్ మొదట్లో సృష్టి కథ చెప్పే ఆదికాండానికీ మధ్య ఉన్నది. రెండోది మీ నాయనకూ సంఘ పెద్దలకూ మధ్య, నీ మీదుగా నడుస్తున్నది. మొదటిది తేలిపోతే రెండోది దానంతటదే సర్దుకుంటుందని నీ ఆశ. అది జరగదు. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు మొదటిది చూద్దాం.

రాళ్ల సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. కానీ నువ్వు చదువుకున్న వరసలో ఇంట్లో చెబితే ఎవరికీ ఎక్కదు. వీడియోల దగ్గర మొదలుపెట్టు. కార్బన్‌తో రాళ్ల వయసు కట్టరు. కార్బన్-14 సగానికి సగం తరిగిపోవడానికి 5,730 ఏళ్లు పడుతుంది. 50 వేల ఏళ్లు దాటితే దాంతో లెక్క కట్టడం దాదాపు కుదరదు. బొగ్గు, ఎముక, కట్టె లాంటివాటికి, అవి కూడా ఈమధ్యవైతేనే, అది పనికొస్తుంది. కాబట్టి ఆ వీడియోలో చెప్పిందంతా నిజమే అనుకున్నా మీ వేంపల్లె రాతికి వచ్చిన నష్టమేమీ లేదు. అక్కడి లెక్క యురేనియంది. అది సీసంగా మారుతుంది, సగం మారడానికి దాదాపు 447 కోట్ల ఏళ్లు. పులివెందుల దగ్గర, కరిగిన శిలాద్రవం తాడిపత్రి పొరలని పిలిచే రాళ్ల మధ్యకు దూరి గట్టిపడిన నల్లరాతి పొర ఒకటుంది కదా, దాంట్లోని చిన్న చిన్న స్ఫటికాలను కొలిస్తే దాదాపు 188 కోట్ల ఏళ్లని తేలింది. దూరినది కొత్తది, దారిచ్చినది పాతది. వేంపల్లె సున్నపురాయి తాడిపత్రి పొరలకూ కింద ఉంది కాబట్టి ఇంకా ముందుది. ఇది అర్థం కావడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు, బండలు తీసే మనిషికి చెబితే చాలు.

ఇక నువ్వు చెయ్యి పెట్టిన ఆ ఉంగరాల ఉంగరాల గుబ్బలు, మీ భాషలో స్ట్రోమటోలైట్లు. లోతులేని సముద్రపు నీళ్లలో, కంటికి కనపడని సూక్ష్మజీవులు ఎండ కోసం పైకి పాకుతూ, పొర మీద పొర వేసుకుంటూ పోగా మిగిలినవి. అలాంటివి ఆస్ట్రేలియాలో షార్క్ బే దగ్గర ఇప్పటికీ పెరుగుతున్నాయి. ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగవు. జానెడు ఎత్తు రావాలంటేనే వందల ఏళ్లు. మరి వేంపల్లె పొర మందం వెయ్యి మీటర్లు దాటుతుంది. ఈ రాళ్లన్నీ నోవహు నాటి జలప్రళయంలో పడినవే అనేవాళ్లున్నారు. ఆ ప్రళయం ఆదికాండం లెక్క ప్రకారమే ఏడాది, ఆ పైన కొద్ది రోజులు. ముంచెత్తే బురద నీళ్లలో ఎండ కోసం పెరిగే ప్రాణి ఏదీ ఇంత పని చేయలేదు.

ఇంకో మాట. మీ సంఘంలో సగం మంది బండలు తీసేవాళ్లే. సుత్తి, ఉలి పెట్టి పొర పొరా విడదీస్తారు. లోకం మొత్తం మునిగినప్పుడు పడిన బురదే ఈ రాయి అయ్యుంటే, ఆ పొరల మధ్య మేక ఎముకో, మనిషి పుర్రెనో కనపడాలి కదా. ఎన్ని బండ్ల బండలు తీసినా ఎముకన్నది కనపడలేదని చెప్పేవాళ్లు మీ చర్చిలో ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు. ఈ మాట సంఘం ముందు లేవనెత్తమని కాదు. రాయి గురించి తెలిసినవాళ్లు యూనివర్సిటీలోనే కాదు, మీ ఇంటి చుట్టూ ఉన్నారని గుర్తు పెట్టుకోమంటున్నాను.

అయితే ఆరువేల ఏళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? బైబిల్లో ఎక్కడా ఆ అంకె లేదు. ఆదికాండం 5వ అధ్యాయంలో, 11వ అధ్యాయంలో ఎవరు ఎవరిని కన్నారు, అప్పటికి ఎన్నేళ్లు అన్న వంశావళులున్నాయి. వాటిని కూడి, రాజుల కాలంతో కలిపి, 1650లో ఐర్లండ్‌కు చెందిన జేమ్స్ అషర్ అనే ఆర్చిబిషప్ సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని తేల్చాడు. ఆయన కాలానికి అది పెద్ద పాండిత్యమే, వెక్కిరించాల్సిందేమీ కాదు. కానీ ఆ వంశావళులు చెప్పేది ఎవరు ఎవరి సంతానమని. వాటిలోంచి భూమి వయసు తీయడం, పెండ్లి పత్రికలో తాతల పేర్లు చూసి ఆ ఇంటికి పునాది ఎప్పుడు తీశారో లెక్కగట్టడం లాంటిది.

ఆదికాండం మొదటి అధ్యాయాన్ని ఇరవై నాలుగు గంటల రోజుల లెక్కన చదవకపోతే విశ్వాసం లేనట్టే అన్న మాట అంత పాతదేమీ కాదు. మొదటి దినమే అస్తమయము, ఉదయము కలిగాయి. సూర్యుడు మాత్రం నాలుగో దినాన వచ్చాడు. చదివే ఎవరికైనా తట్టే సందేహమే ఇది. తొలినాటి క్రైస్తవ గురువు ఆగస్టీన్‌కు పదహారు వందల ఏళ్ల కిందటే తట్టింది. ఆ దినాలు మనం ఎరిగిన దినాలు కావన్నాడు. ఆకాశం గురించీ భూమి గురించీ లోకానికి తెలిసిన సంగతులను విశ్వాసులు లేఖనం పేరు చెప్పి తప్పుగా మాట్లాడితే, వినేవాళ్లు మోక్షం సంగతి కూడా నమ్మరని ఆయన గట్టిగానే మందలించాడు. అప్పటికి డార్విన్ లేడు, జియాలజీ లేదు. ఇప్పుడు మన పల్లెల దాకా వచ్చిన యూట్యూబ్ వాదన చాలావరకు అమెరికాలో 1961లో ఒక వేదాంతి, ఒక నీటి ఇంజినీరు కలిసి రాసిన పుస్తకం నుంచి ఊపందుకున్నది. మీ జేజి బాప్తిస్మం తీసుకున్న రోజుల్లో ఆమెను ఎవరూ భూమి వయసెంత అని అడిగి ఉండరు.

నీ సంగతి చదువుతుంటే నాకు హ్యూ మిల్లర్ గుర్తొచ్చాడు. 1802లో స్కాట్లండ్‌లో పుట్టాడు. కుర్రతనంలోనే రాతి గనిలో పనికి పోయాడు. తర్వాత ఎర్ర ఇసుకరాయి పొరల్లో వెతుకుతుంటే ఎవరూ ఎరగని చేపల అచ్చులు దొరికాయి. కూలి మనిషి పెద్ద జియాలజిస్టయ్యాడు. అదే మనిషి స్కాట్లండ్ చర్చిలో విశ్వాసం కోసం పోరాడే వర్గానికి పత్రిక నడిపాడు. భూమి ఊహకందనంత పాతదని రాయడానికి జంకలేదు, ప్రార్థన మానలేదు. జీవపరిణామాన్ని మాత్రం ఆయన ఒప్పుకోలేదు, అది కూడా చెప్పాలి. అమెరికాలో డార్విన్ తరఫున ముందుగా నిలబడినవాళ్లలో ఒకడైన ఆసా గ్రే అనే వృక్షశాస్త్రవేత్త దాన్నీ ఒప్పుకున్నాడు, ఆయనా చర్చికి పోయే విశ్వాసే. మన కాలంలో మానవ జీనోమ్ ప్రాజెక్టు నడిపిన ఫ్రాన్సిస్ కాలిన్స్ కూడా అంతే. వీళ్ల పేర్లు చెప్పి నీ నోరు మూయించాలని కాదు, పెద్దవాళ్లు నమ్మారని నువ్వూ నమ్మాల్సిన పనిలేదు. రెండూ పట్టుకున్నంత మాత్రాన రెండు నాలుకల మనిషివి కావు, అంతే.

రెండో వైపు కూడా ఒక గుంట ఉంది, జాగ్రత్త. కొంతమంది పాస్టర్లు "చూశారా, బిగ్ బ్యాంగ్ అంటే 'వెలుగు కలుగును గాక' అన్నదే" అని మురిసిపోతారు. విశ్వం ఒక చిన్న ముద్ద నుంచి వ్యాపించిందని 1931లో ప్రతిపాదించిన జార్జ్ లెమెత్ర్ స్వయానా క్యాథలిక్ ఫాదర్. 1951లో పోప్ ఆ సిద్ధాంతం సృష్టికి రుజువన్నట్టు మాట్లాడితే లెమెత్ర్‌కే నచ్చలేదు. రేపు ఆ సిద్ధాంతం మారితే దేవుణ్ణి కూడా మార్చుకోవాలా? నాకు ఆయన పద్ధతి నచ్చుతుంది. వేంపల్లె రాతిలో ఆదికాండాన్ని వెతకొద్దు, ఆదికాండంలో వేంపల్లె రాతినీ వెతకొద్దు.

అన్నీ సాఫీగా కుదిరిపోతాయని మాత్రం చెప్పను. కోట్ల ఏళ్లు ఒప్పుకుంటే మనిషి పుట్టకముందే చావు ఉందని ఒప్పుకోవాలి. మరి పాపం వల్ల మరణం వచ్చిందని బైబిల్లో పౌలు రాసిన మాట ఏమవుతుంది? ఆదాము ఒక్క మనిషా, మనుష్యజాతి పేరా? దీనికి క్రైస్తవులే తలా ఒక జవాబు చెబుతారు. అది శరీరపు చావు కాదు, దేవుడి నుంచి దూరం కావడం అంటారు కొందరు. అది మెలికపెట్టడం అంటారు ఇంకొందరు. ఈ ముడి నీకు పరీక్షల్లోపు విడిపోదు, పదేళ్లకైనా పూర్తిగా విడుతుందని నేను హామీ ఇవ్వలేను. విడకపోయినా బతుకుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కొందరు ఈ ముడి దగ్గరే విశ్వాసం వదిలేశారు, వాళ్లేమీ చెడ్డవాళ్లయిపోలేదు. నీ దారి ఎటు పోతుందో నాకు తెలియదు. ఒకటి మాత్రం గమనించు. ఆ రాత్రి హాస్టల్లో నీకు వచ్చిన సందేహం రాతి వయసు వల్ల వచ్చినట్టు లేదు. పగలు అదే రాతి ముందు నీకు స్తుతి వచ్చింది కదా! అప్పటికే నాయన మాట్లాడ్డం మానేసి ఉన్నాడు, సంఘం వేలెత్తి చూపింది, ప్రార్థనలో 'తండ్రీ' అనగానే గొంతు పట్టేసి ఉంటుంది. దాన్ని జియాలజీ మీదికి తోసి, ఈ టెన్షన్‌లో దేవుడున్నాడో లేడో తేల్చుకోవద్దు.

ఇప్పుడు ఇంటి సంగతికొద్దాం, అసలు బరువు ఇక్కడుంది.

మీ నాయన భయం స్ట్రోమటోలైట్లది కాదు. సొంత సంఘపు పాస్టర్‌కు జీతం ఉండదు, బదిలీ ఉండదు, వెనక ఏ బిషప్పూ ఉండడు. ఆదివారం కానుకల సంచి, అక్కయ్యలు రోజూ వండేముందు తీసిపెట్టే పిడికెడు బియ్యం, ఎవరికైనా జ్వరమొస్తే అర్ధరాత్రి పిలిచే నమ్మకం, అంతే ఆయన ఆస్తి. నాలుగిళ్లవాళ్లు అలిగి పక్క ఊరి రేకుల షెడ్డు సంఘానికి పోతే ఆ నాలుగిళ్లే కాదు, వాళ్ల చుట్టాలూ పోతారు. నేనూ నాపరాళ్ల మీద చాప వేసుకుని వాక్యం విన్నదాన్నే. అలాంటి చర్చిల్లో పెద్దలు డైనోసార్ల గురించి తీర్పు చెప్పడానికి కూర్చోరు. "అయ్యగారి మాట ఇంట్లోనే చెల్లలేదు" అన్నది వాళ్లకు దొరికింది. అందుకే నువ్వు ఎన్ని రాళ్లు తెచ్చి చూపించినా ఈ గొడవ తేలదన్నాను.

క్షమాపణ అడగొచ్చు. కానీ దేనికి? "కోట్ల ఏళ్లన్నది తప్పు" అని సంఘం ముందు చెబితే ఆ రోజుకు అందరూ సంతోషిస్తారు. నువ్వు సోమవారం కడప బస్సెక్కి, మంగళవారం అదే 188 కోట్లు నోట్సులో రాసుకుంటావు. రెండు నాలుకలన్నావే, అది ఇదే. పైగా ఆ పిల్లాడు నాలుగేళ్లు పోతే హైస్కూల్ పుస్తకంలో చదువుతాడు. అప్పుడు అక్క భయపడి అబద్ధం చెప్పిందని తెలుస్తుంది. అక్క చెప్పిన మిగతావి కూడా అంతేనేమో అనుకుంటాడు. అదే, నాయనతో ముందుగా ఒక మాట అనుకోకుండా, ఆయన సంఘంలో ఆయన్ను ఇరకాటంలో పెట్టానని అడిగితే అందులో అబద్ధం లేదు. అది కూడా ముందు ఆయనకొక్కడికే. "నాయనా, నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ నీకు చెప్పకుండా చెప్పినా. దాని వల్ల నువ్వు పెద్దల ముందు తల దించుకోవాల్సి వచ్చింది, అందుకు నాకు బాధగా ఉంది." ఇంతవరకు చెప్పి ఆగు. వెంటనే యురేనియం ఎత్తుకోవద్దు. ఆ తర్వాత ఈ మాటనే సంఘంలో ఎలా చెప్పాలో ఆయనే చూసుకుంటాడు. పెద్దలను సముదాయించడం ఆయనకు తెలిసినంత నీకూ నాకూ తెలియదు. ఆయన ససేమిరా అని, కోట్లు తప్పని చెప్పి తీరాలంటే? అప్పుడు "అది మాత్రం నా నోటి నుంచి రాదు, కావాలంటే సండే స్కూల్ వదిలేస్తా" అనే హక్కు నీకుంది.

వదిలేయడం కూడా చిన్న సంగతేమీ కాదు. ఇంతకాలం నీ చేతుల మీద పాటలు నేర్చుకున్న పిల్లలు దూరమవుతారు. 'పాస్టర్ కూతురు జారిపోయింది' అని నాలుగు రోజులు ఊళ్లో నలుగుతుంది. కానీ ఎలాగూ కోర్సు అయ్యేదాకా వారం వారం రావడం కష్టమే కాబట్టి, చదువు పేరు మీద పక్కకు తప్పుకుంటే నాయనకూ ముఖం దక్కుతుంది. నాకైతే, కొనసాగే వీలుంటే కొనసాగడమే మేలనిపిస్తుంది, ఒక కట్టుబాటు పెట్టుకుని. సృష్టి పాఠం నాయన చెబుతాడు, నువ్వు యోసేపు, రూతు, యేసు ఉపమానాలు చెబుతావు. పిల్లలు డైనోసార్ల గురించి అడిగితే, "వాటి గురించి బైబిల్లో రాయలేదు, రాళ్లు చదివినవాళ్లు కనుక్కున్నారు, చాలా పాతకాలంవి" అంటావు. ఓడ జోలికి పోవు. ఇందులో అబద్ధమూ లేదు, సవాలూ లేదు. దీనికి కూడా పెద్దలు ఒప్పుకోకపోవచ్చు.

నాయనతో మాటలు కుదుటపడ్డాక, ఎప్పుడైనా వేంపల్లె వైపు పోయే పని పడితే ఆ రాయి చూపించు, గెలవడానికి కాదు. "దేవుడు మొదట్నుంచే పాతదిలా పుట్టించినాడు" అంటాడేమో. ఆ మాటను ఏ సుత్తితోనూ పగలగొట్టలేం, కాబట్టి వాదన అక్కడితో ఆపెయ్. జరగని కథను దేవుడు రాతిలో ఎందుకు రాస్తాడన్న ప్రశ్న ఆయనకే వస్తే రానీ. మీ జమ్మలమడుగులోనే లండన్ మిషన్ కాలం నాటి క్యాంప్‌బెల్ ఆస్పత్రి ఉంది. అక్కడ మందూ ఇచ్చారు, ప్రార్థనా చేశారు. మీ నాయన జ్వరమొచ్చిన విశ్వాసి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, ఆ తర్వాత ఆటో మాట్లాడి ఆస్పత్రికి పంపే మనిషే అయ్యుంటాడు. సైన్సుతో ఆయనకు పగేమీ ఉండకపోవచ్చు, అది తన కూతురి నోటి నుంచి పదిమందిలో వచ్చేసరికి తట్టుకోలేకపోయాడు.

కడపలో ఉన్నన్నాళ్లు ఇంకో చర్చికి పోవడం కూడా ఆలోచించు. టీచర్లు, డాక్టర్లు, నర్సులు వచ్చే సంఘాలు అక్కడ ఉన్నాయి. వెనక బెంచీలో కూర్చో, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. నీలాంటి చదువు చదివి విశ్వాసంలో ఉన్న పెద్దవాళ్లు ఒకరిద్దరు తగిలితే నీ సందేహాలు పంచుకోవడానికి నోరొస్తుంది. కాకపోతే ఊరి సంఘాన్ని వదిలేశావని వార్త ముందు మీ ఇంటికే చేరుతుంది, అది వేరేవాళ్ల నోటి నుంచి కాకుండా నీ నుంచే నాయనకు తెలియాలి. 'పాస్టరమ్మ' అనే స్నేహితుల గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. ఫీల్డ్ నోట్‌బుక్ అడుక్కోవడానికి నీ దగ్గరికే వస్తారు.

ఇక కర్నూలు సంబంధం. మీ అమ్మ "ఉంది" అన్నది అబద్ధమేమీ కాదు, కానీ అడిగినావిడ మనసులో ఉన్న ప్రశ్న వేరు, మీ అమ్మ జవాబిచ్చిన ప్రశ్న వేరు. అత్తగారితో ఫోన్లో జియాలజీ మాట్లాడొద్దు. అబ్బాయితోనే, నిశ్చితార్థానికి ముందే, ఎదురుగా కూర్చుని మాట్లాడు. భూమి పాతదని నమ్ముతాననీ, చర్చికి వస్తాననీ, కొన్ని రాత్రులు ప్రార్థన రాదనీ చెప్పు. ఆ మూడో మాటకు అతను ఏమంటాడో జాగ్రత్తగా విను. మొదటి మాటకు ముఖం ముడుచుకుని "పెళ్లయ్యాక సర్దుకుంటుందిలే" అంటే సర్దుకోదని ఇప్పుడే అనుకో. నిర్ణయానికి తొందరపెడితే పరీక్షలు అయ్యేదాకా గడువు అడుగు, ఆ మాత్రం ఆగలేని సంబంధమైతే పోనివ్వు.